వజ్రాసనంలో ఉండగా గ్యాస్ బండ వచ్చింది

ఆసనాలన్నీ ఖాళీ కడుపుతో వేయాలట. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే ఒక్క వజ్రాసనానికి మాత్రం ఆ షరతు లేదు. తిన్న వెంటనే వేయొచ్చు, అరుగుదలకు మంచిది కూడానట. మా యోగా మాస్టారు ఈ మాట చెప్పిన రోజునే నాకు ప్రాచీన భారతీయ విజ్ఞానం మీద నిజమైన గౌరవం పుట్టింది.

ఇది 2025 నాటి సంగతి. ఆ జూన్ 21న మా విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు రోడ్డు పొడుగునా మూడు లక్షల మందికి పైగా జనం చాపలు పరుచుకుని యోగా చేశారు. ప్రధానమంత్రి కూడా వచ్చారు. అంతకు నెల ముందు నుంచే యోగాంధ్ర పేరుతో ఎక్కడ చూసినా తర్ఫీదులే. మా అపార్ట్‌మెంట్ డాబా మీదా పెట్టారు. మాస్టారు వంగమన్న చోట కొందరు వంగేవారు, మిగతావాళ్ళం వంగుతున్నట్టు మొహం పెట్టేవాళ్ళం. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేసేటప్పుడు వాటర్ ట్యాంకు గోడ పక్కన చోటు కోసం పొద్దున్నే రిజర్వేషన్లు నడిచేవి.

యోగా దినోత్సవం అయిపోయింది. అందరి చాపలూ బీరువాల మీదికి ఎక్కాయి. నేను మాత్రం వజ్రాసనాన్ని వదల్లేదు. ముందు తినాలి కదా, అందుకని.

జులై మొదటి శనివారం. ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండుతో టెస్టు, నాలుగో రోజు. మొదటి ఇన్నింగ్స్‌లో 269 కొట్టిన గిల్ మళ్ళీ బ్యాటింగ్‌కి దిగే వేళకు, నేను మినప గారెలు ముగించి, చెంచాడు వక్కపొడి నోట్లో వేసుకుని, టీవీ ముందు వజ్రాసనంలోకి దిగాను. మామూలుగా ఐదు నిమిషాలు చాలు. కానీ మనవాడు ఆడుతున్నంతసేపూ ఎవరు ఎలా కూర్చుంటే అలాగే ఉండాలన్నది తెలుగిళ్ళలో రాజ్యాంగం కన్నా పాత నియమం. 2011 ఫైనల్లో మా బావమరిది గుమ్మం మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ధోనీ సిక్సర్ దాకా నిలబడ్డాడు. కప్పు వచ్చిందా లేదా? అందుకని నేను కదల్లేదు. ఆసనం అంటే స్థిరంగా, సుఖంగా ఉండేది అన్నాడు పతంజలి. స్థిరం కుదిరింది. సుఖం కాసేపటికి మోకాళ్ళ కింది నుంచి జారుకుంది.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

"గ్యాసండీ! ఓటీపీ సెప్పండి బాబూ!"

మా ఆవిడ పక్క ఫ్లాట్‌లో ఉంది. ఫోను డైనింగ్ టేబుల్ మీద ఉంది. నేను లేచాను, అంటే నడుము పైభాగం లేచింది. కింది భాగం నాది కానట్టు అక్కడే ఉండిపోయింది. పక్కకి ఒరిగి, టీపాయ్ పట్టుకోబోయి, దాని మీద గుడ్డతో సహా కిందకొచ్చాను. ఇక మోచేతుల మీద పాక్కుంటూ ఫోను వైపు బయల్దేరాను. తలుపు ఓరగా తీసే ఉంది. గ్యాస్ కుర్రాడు తొంగి చూశాడు.

"ఏటయ్యింది బాబూ?"

నోటి నిండా వక్కపొడి. "ఏం లేదు, కాళ్ళు పట్టేశాయి" అన్నాను. అతనికి ఏం వినిపించిందో గానీ, బండ అక్కడే వదిలేసి, "మూడో అంతస్తు బాబుకి పచ్చవాతం!" అని కేకేస్తూ మెట్ల మీద పరుగు తీశాడు.

రెండు నిమిషాల్లో హాలు నిండిపోయింది. ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టారు అందరినీ వెనక్కి నెట్టారు. పక్షవాతాన్ని గుర్తుపట్టే పద్ధతి ఆయనకు వాట్సాప్‌లో వచ్చిందట. మొహం, చేతులు, మాట, ఈ మూడూ చూడాలి. పద్ధతి మంచిదే, డాక్టర్లు చెప్పేదే. చిక్కల్లా నా మొహంతోనే.

"ఏదీ, ఒకసారి నవ్వండి."

నవ్వాను. అందరూ దిగులుగా చూశారు. అప్పుడే లోపలికొచ్చిన మా ఆవిడ, "మాస్టారూ, అది లెక్కలోకి తీసుకోకండి, ఆయన మామూలుగా ఉన్నప్పుడూ నవ్వరు" అంది.

చేతులు ఎత్తమన్నారు, ఎత్తాను. విశాఖపట్నం అనమన్నారు. వక్కపొడితో ఆ మాట అని చూడండి, తెలుస్తుంది. "మాట పడిపోయింది, నూట ఎనిమిదికి చెయ్యండి" అన్నారెవరో. యూనివర్సిటీ మైదానంలో గిరిజన పిల్లలు 108 సూర్య నమస్కారాలు చేసిన వార్త అప్పటికింకా పాతబడలేదు. కింది ఫ్లాట్ మామ్మగారు, "అయ్యో, ఈ స్థితిలో ఆయన చేత అన్ని చేయిస్తారా?" అని కళ్ళొత్తుకున్నారు.

ఈలోగా కాళ్ళలోకి ప్రాణం రావడం మొదలైంది. తిమ్మిరి ఎక్కడం కాదు, దిగడం చూడాలి. ఎవరో భక్తిగా పాదాలు రుద్దుతుంటే నేను పెట్టిన కేకకి లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చేశారు.

ఆఖరికి హెడ్‌మాస్టారి అబ్బాయి, మెడిసిన్ చదువుతున్నాడు, వీడియో కాల్‌లో నా కాలి వేళ్ళు కదిలించమని చూసి నవ్వాడు. మోకాలి పక్కన ఎముక మీదుగా వెళ్ళే నరం నొక్కుకుపోయిందంతేనట. రోజూ గంటలకొద్దీ ఇలా కూర్చున్న ఒక విద్యార్థికి పాదం వేలాడిపోతే, 1971లో ఒక అమెరికా వైద్య పత్రిక దానికి ఏకంగా యోగా పేరే పెట్టిందట. "అంకుల్‌ది అంత సీను కాదు, తిమ్మిరి" అని తేల్చాడు. జనం మొహాల్లో ఊరట ఉంది గానీ, కొంచెం నిరాశ కూడా లేకపోలేదు.

వార్త మాత్రం అప్పటికే కాలనీ దాటేసింది. చీకటి పడేదాకా పరామర్శలు. యాపిల్స్, కొబ్బరి బోండాలు, ఒక పావురం రక్తం సలహా, రెండు ఆయుర్వేద తైలాలు. డాబా మీది యోగా మాస్టారు కూడా వచ్చారు. వజ్రాసనం ఎంతసేపు వేయాలో మళ్ళీ మొదటి నుంచీ చెప్పి వెళ్ళారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టిందేమిటంటే, నేను కదిలినా గిల్ వెంటనే ఔట్ కాలేదు. 161 కొట్టాడు.

వచ్చిన వాళ్ళందరికీ కాఫీ. రెండో విడతకి పాలు పొంగు మీదికి వస్తుండగా పొయ్యి ఆరిపోయింది. బండ కోసం గుమ్మం బయట చూశాం. ఓటీపీ చెప్పేవాళ్ళెవరూ లేక కుర్రాడు వెనక్కి పట్టుకుపోయాడట.

మా ఆవిడ హాల్లోకి వచ్చి, చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూడకుండా అంది:

"ఆ నాలుగంకెలూ చెప్పేసి పడిపోవచ్చు కదండీ!"