జివ్వుమనడం ఒక్క రోజుతో పోదు
క్లినిక్‌లో పళ్లు తెల్లగా చేయించుకున్నాక వచ్చే జివ్వుమనే బాధ ఒక్క రోజులో తగ్గిపోతుందని మీ వ్యాసంలో రాశారు. అందరికీ అలా ఉండదండీ. మా చెల్లి పెళ్లికి వారం ముందు చేయించుకుంటే నాకు ఆరు రోజులు పట్టింది. ఆ రాత్రి కుండలో నీళ్లు ఒక్క గుక్క తాగానో లేదో, కింది ముందు పన్నులో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమని దవడంతా లాగేసింది. నోటితో గాలి పీల్చినా అదే బాధ. మళ్లీ జివ్వుమంటుందేమోనన్న భయంతో పెళ్లి భోజనాల్లో ఐస్‌క్రీమ్ జోలికే పోలేదు. క్లినిక్‌లో వాడే జెల్‌లో పళ్లను తెల్లబరిచే హైడ్రోజన్ పెరాక్సైడ్ 40 శాతం దాకా ఉంటుంది, అది పంటి పైపొర ఎనామిల్ దాటి లోపలి నరం దాకా పోతుంది. గట్టిగా బ్రష్ చేసే అలవాటు వల్ల నాకు అప్పటికే చిగుళ్లు కిందికి జారి పళ్ల వేర్లు కొంచెం బయటపడ్డాయి. అది ముందే చూసి చెప్పాల్సింది, ఎవరూ చెప్పలేదు. తర్వాత వేరే డాక్టరమ్మ జివ్వుమనడం తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాసిచ్చారు, దాన్ని రెండు వారాల ముందు నుంచే వాడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదన్నారు. ఈ మాట మీ వ్యాసంలో తప్పకుండా చేర్చండి.