కొకెషి బొమ్మ మీద వేసిన నింద

ఆ సందేశం మళ్లీ వచ్చింది. పంపినవారు బాగా చదువుకున్న మిత్రులు కావడం వల్ల ఈసారి కోపం ఇంకా ఎక్కువైంది. అందులో ఉన్నది ఇది: జపాన్ కొకెషి బొమ్మ పేరులో ‘కొ’ అంటే బిడ్డ, ‘కెషి’ అంటే చెరిపివేయడం. కరువులో తల్లిదండ్రులే చంపుకున్న పసికందుల ఆత్మల కోసం వాటిని చేసేవారు. అందుకే కాళ్లూ చేతులూ ఉండవు, తల తిప్పితే ఏడుపు వినిపిస్తుంది. రష్యా బొమ్మలు పుట్టింది కూడా వీటి నుంచే. గర్భిణులున్న ఇంట్లో ఉంటే వెంటనే తీసేయండి.

రష్యా సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ బొమ్మలకు జపాన్ మూలమని చెప్పుకునే కథ హకొనె ప్రాంతపు బొమ్మ గురించినది, ఈశాన్య జపాన్‌లోని తొహొకు ప్రాంతంలో పుట్టిన కొకెషి గురించి కాదు. సందేశంతో వచ్చిన ఫొటోలోదీ సంప్రదాయ కొకెషి కాదు. అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కళాకారులు తమ ఊహకొద్దీ మలచడం మొదలుపెట్టిన కొత్త రకం.

కాళ్లూ చేతులూ ఎందుకు లేవు? తరిమెన, అంటే కర్రను తిప్పుతూ చెక్కే సాధనం, మీద తిరిగే కర్ర గుండ్రంగానే వస్తుంది కాబట్టి. ఏటికొప్పాక బొమ్మలు చూస్తూ పెరిగినవారికి కూడా ఇది విడమరచి చెప్పాలా? కొకెషి చేసినవారు గిన్నెలు, పళ్లేలు తరిమెన పట్టే కొండప్రాంతపు పనివారు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, వేడినీటి బుగ్గల దగ్గరికి స్నానాలకు వచ్చే రైతులు పిల్లలకు కొనుక్కెళ్లేందుకు వీటిని చేయడం మొదలుపెట్టారు.

ఏడుపు మాట మియాగి రాష్ట్రంలోని నరుకొ బొమ్మను పట్టుకుని పుట్టించినది. తల తిప్పితే కీచుమనేది ఆ ఊరి కొకెషి. దాని వెనుక ఉన్నది అచ్చమైన పనితనం. తరిమెన మీద మొండెం గిరగిరా తిరుగుతుండగా, పైనున్న రంధ్రంలోకి తల అడుగున ఉన్న మెడను నొక్కిపెడతారు. రాపిడికి పుట్టిన వేడితో మెడ లోపలికి జారి కూర్చుంటుంది. చల్లారాక తల ఊడిరాదు, కానీ తిరుగుతుంది. కర్రకు కర్ర ఒరుసుకుని కీచుమంటుంది. వెడల్పు భుజాలు, కాస్త సన్నని నడుము, మొండెం మీద పొరలు పొరలుగా చేమంతులు: ఇంత ముచ్చటైన బొమ్మలో శవాన్ని వెతకాలనిపించినవారి మనసును ఏమనాలి?

ఇక పేరు. ఈ బొమ్మను ఊరికో పేరుతో పిలిచేవారు: దెకొ, కిదెకొ, కిబొక్కొ. ‘కొకెషి’ అనే ఒకే పేరును అందరూ వాడాలని 1940లో నరుకొలో జరిగిన సమావేశంలో నిర్ణయించారు. ‘కొకెషి’ ఎలా వచ్చిందన్నదానికి పండితులు ఒకటికి మించి వివరణలు ఇచ్చారు. వాటిని పక్కన పెట్టి, ఒక ప్రాంతంలో బొమ్మకు వాడిన పేరును మనకు నచ్చినట్టు రెండు ముక్కలు చేసి వందల ఏళ్ల హత్యాకథ అల్లితే అది చరిత్ర అవుతుందా? అదే బొమ్మకున్న మిగతా పేర్లలో ఆ చెరిపివేత ఎక్కడుంది?

నన్ను నిజంగా రగిలించేది చివరి వాక్యం. గర్భిణులున్న ఇల్లట! బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ సందేశం చదివితే ఏమవుతుందో పంపేముందు ఒక్కరైనా ఆలోచించారా? అసలే ‘నేనేం తప్పు చేశాను’ అని రాత్రంతా కుమిలిపోయే మనిషికి, అలమారలోని బొమ్మ వైపు వేలు చూపించి ‘ఇదిగో కారణం’ అంటున్నారు. ఆ బొమ్మను కానుకగా తెచ్చినవారిని కూడా అపరాధిని చేస్తున్నారు. పైగా ఇది సంప్రదాయాన్నే తలకిందులు చేయడం. ఎర్ర రంగు మశూచిని దూరం చేస్తుందని నమ్మిన రోజుల్లో ఎర్రగా రంగులద్దిన బొమ్మలు పిల్లలకు ఇచ్చేవారు. కొకెషి మీది ఎరుపునూ ఆ నమ్మకంతోనే ముడిపెడతారు. బిడ్డ బతకాలని కోరి చేతికిచ్చిన వస్తువును బిడ్డను మింగే వస్తువుగా మార్చారు!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. సందేశంలోని కరువు కల్పన కాదు. 1780లలో తెన్‌మెయి కరువు తొహొకును ఊడ్చిపెట్టింది. పేద ఇళ్లలో పుట్టిన బిడ్డలను పుట్టగానే చంపుకున్న మాటా నిజమే. దాన్ని ఆపడానికి పాలకులు నిషేధాలు పెట్టారు, పసిబిడ్డల పోషణకు సాయం చేశారు. ఆ తల్లుల గురించి రాయండి, చదువుతాను. వారి దుఃఖాన్ని ఈ బొమ్మ మెడకు కట్టకండి.