కస్టమ్స్ వాళ్ళు దాచిన "7 రహస్యాలు", మా గ్రూపులో 4వ సారి

విదేశీ పార్సిళ్ళ గురించిన ఆ మెసేజ్ మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో నిన్న మళ్ళీ వచ్చింది. మొదటిసారి చదివి ఊరుకున్నాను. రెండోసారి "ఇది తప్పురా" అని ఒక లైను పెడితే జవాబుగా దణ్ణం బొమ్మ వచ్చింది. మూడోసారి మా పెద్దమ్మ కొడుకు విడిగా పంపి, "నువ్వు పెన్నులు తెప్పిస్తుంటావుగా, పనికొస్తుంది" అన్నాడు. రాజమండ్రిలో పుట్టి, రత్నం పెన్నుల ఊళ్ళో పెరిగి, జపాన్ నుంచి పెన్నులు తెప్పించుకోవడం ఏంట్రా అని మా నాన్నగారు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఆ దెప్పుడికి నా దగ్గర జవాబు లేదు గానీ ఈ మెసేజ్‌కి ఉంది.

చూడని అదృష్టవంతుల కోసం, అందులో ఉన్నది ఇదీ: విదేశీ వెబ్‌సైట్‌లో 5,000 రూపాయల లోపు కొంటే కస్టమ్స్ డ్యూటీ (దిగుమతి పన్ను) ఉండదు. పోస్టులో వస్తే అసలే ఉండదు. షిప్పింగ్ ఛార్జీ మీద డ్యూటీ వేయడం చట్టవిరుద్ధం. "గిఫ్ట్" అని, విలువ 10 డాలర్లు అని రాయించుకుంటే ఎవరూ అడగరు. కొరియర్ వాళ్ళు ఆధార్ అడిగితే ఇవ్వొద్దు. వాళ్ళ క్లియరెన్స్ ఫీజు దోపిడీ. చివరిగా, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని ఫోన్ వస్తే మాట్లాడి సగానికి సెటిల్ చేసుకోండి.

5,000 సంగతి. చిన్న గిఫ్టులకి మినహాయింపు ఉన్న రోజుల నాటి అంకె అది. చైనా యాప్‌లలో కొన్న డ్రెస్సులూ ఫోన్ కవర్లూ అన్నీ "గిఫ్టులు"గా దిగబడుతుంటే 2019 డిసెంబర్‌లో ఆ తలుపు మూసేశారు. రాఖీకీ, ప్రాణాధార మందులకీ తప్ప గిఫ్టు పేరుతో డ్యూటీ లేకుండా పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పించుకోవడం అప్పట్నుంచి కుదరదు. పూర్తి డ్యూటీ కడితే గిఫ్టు రావచ్చు, అది వేరే సంగతి. ఇక "మా బావ అమెరికా నుంచి తెచ్చినప్పుడు ఏమీ కట్టలేదే" అన్నవాళ్ళకి: అది సూట్‌కేసు, ఇది పార్సిల్. బ్యాగేజీ నిబంధనలు విమానం దిగిన మనిషికి, డబ్బాకి కాదు.

పోస్టులో వస్తే ఉండదట. విదేశీ పార్సిళ్ళు దిగే ఫారిన్ పోస్టాఫీసులో కూర్చునే కస్టమ్స్ వాళ్ళు మరి ఎందుకున్నట్టు? కొన్ని ప్యాకెట్లు డ్యూటీ పడకుండా వచ్చేస్తాయి, నిజమే. అది మన అదృష్టం. పడిన రోజున పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి వసూలు చేస్తాడు.

ఆధార్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కేవైసీ, అంటే మీరెవరో చూపే గుర్తింపు కాగితం, లేకపోతే కొరియర్ పార్సిల్ క్లియర్ అవ్వదు. ఇవ్వకపోతే ఆగేది మీ పార్సిలే. కాకపోతే ఎవడో పంపిన వాట్సాప్ నంబర్‌కి ఫొటో తీసి పంపకుండా, కొరియర్ కంపెనీ సైట్‌లోకి వెళ్ళి అక్కడే ఎక్కించండి.

షిప్పింగ్ మీద డ్యూటీ చట్టవిరుద్ధం అన్నాడు. చట్టంలో రాసి ఉన్నదే అది. వస్తువు ధర, రవాణా, బీమా కలిపిన విలువ మీద లెక్క కడతారు. అయితే మెసేజ్ రాసిన మహానుభావుడికి తెలియని మంచి సంగతి ఒకటుంది: 2007 వాల్యుయేషన్ రూల్స్ (కస్టమ్స్ వాళ్ళు సరుకు విలువ కట్టే నిబంధనలు) ప్రకారం విమానంలో వచ్చిన సరుకుకి రవాణా ఖర్చు ఎంతైనా సరే, వస్తువు విలువలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరు. 10,000 రూపాయల పెన్నుకి 2,500 షిప్పింగ్ కట్టారనుకోండి, లెక్కలోకి వచ్చేది 2,000 మాత్రమే. బీమా కింద వచ్చే చిల్లర వదిలేస్తే విలువ 12,000. ఇప్పుడు బేసిక్ డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 18 శాతం అనుకుందాం (వస్తువుని బట్టి మారుతుంది). మనవాళ్ళు 10, 18 కలిపి 28 అనుకుని, పెన్ను ధర 10,000 కాబట్టి 2,800 తీసి పక్కన పెట్టుకుంటారు. అసలు లెక్క ఇది: డ్యూటీ 1,200, దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 120, ఈ మొత్తం 13,320 మీద 18 శాతం ఐజీఎస్టీ 2,397.60. వెరసి 3,717.60. పైగా డాలర్‌కో యెన్‌కో రూపాయల్లో లెక్క కట్టేది కస్టమ్స్ ప్రకటించిన మారకపు రేటుతో, గూగుల్‌లో కనిపించిన రేటుతో కాదు. "మోసం చేశారు" అని గ్రూపుల్లో ఏడ్చేవాళ్ళలో చాలామంది ఈ లెక్క వేసుకోనివాళ్ళే.

షిప్పింగ్ ఛార్జీల గురించి మెసేజ్‌లో లేనిదొకటి నేనే కలుపుతాను, ఎందుకంటే డబ్బులు నిజంగా పోయేది అక్కడ. కొరియర్ వాళ్ళు తూకమే కాదు, డబ్బా కొలత కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. 40, 30, 30 డబ్బాలో కిలో బరువున్న బొమ్మ పెడితే మీరు కట్టేది 7.2 కిలోలకి. డబ్బా చిన్నది వాడమని అమ్మేవాడికి ఒక్క మెయిల్ పెట్టడం కస్టమ్స్ రహస్యాలన్నిటికంటే ఎక్కువ మిగులుస్తుంది.

ఇప్పుడు ఆ గిఫ్టూ, 10 డాలర్లూ. నాకు ఒళ్ళు మండేది ఇక్కడ.

ముందు ఒక మాట ఒప్పుకుంటాను, 2018లో నేనూ ఒకసారి ఆ పని చేయించాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని నా స్నేహితుడికి సలహా ఇచ్చాను. వాడు 14,000 పెట్టి కొన్న పెన్నుకి అమ్మినవాడి చేత 10 డాలర్లు అని రాయించాడు. పార్సిల్ దారిలో ఎక్కడో పోయింది. పరిహారం అడిగితే, రాసిన విలువ 10 డాలర్లు కాబట్టి అంతవరకే ఇస్తామన్నారు. నిజం ధర 14,000 అని రుజువు చూపించాలంటే అబద్ధం రాయించానని ఒప్పుకోవాలి. వాడు నోరు మూసుకున్నాడు. నాతో ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడలేదు, అది న్యాయమే.

పోకుండా వస్తే మాత్రం? కస్టమ్స్ వాళ్ళ దగ్గరా ఇంటర్నెట్ ఉంటుంది బాబూ. ఆ పెన్ను పేరు కొడితే ధర కనిపిస్తుంది. రాసిన విలువ మీద అనుమానం వస్తే దాన్ని పక్కన పెట్టే అధికారం అదే వాల్యుయేషన్ రూల్స్‌లో 12వ రూల్ ఇస్తుంది. ఇన్‌వాయిస్ చూపించు, కార్డు స్టేట్‌మెంట్ చూపించు అంటారు. అక్కడ దొరికిపోతే 1962 కస్టమ్స్ చట్టం 111 సెక్షన్ కింద సరుకు జప్తు చేయొచ్చు, 112 కింద పెనాల్టీ వేయొచ్చు, విడిపించుకోవాలంటే 125 కింద జరిమానా. ఇవన్నీ ఎవరి మీద? ఒసాకాలో కూర్చున్న షాపువాడి మీద కాదు, కేవైసీలో పేరున్న మీ మీద. రెండు వేలు మిగుల్చుకుందామని మీ ఆధార్ పెట్టి అబద్ధపు కాగితం దాఖలు చేయించమని చెప్పేవాడు మీ శ్రేయోభిలాషి ఎలా అయ్యాడో నాకు అర్థం కాదు. వాడు చేసిందల్లా ఫార్వర్డ్ బటన్ నొక్కడమే.

అంతా తప్పేనా అంటే కాదు. క్లియరెన్స్ ఫీజు దోపిడీ అన్నాడే, అందులో నిజముంది. డ్యూటీ కొరియర్ వాళ్ళు ముందు కట్టి మన దగ్గర వసూలు చేస్తారు, ఆ సేవకి ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ. నాకోసారి డ్యూటీ 900 చిల్లర పడితే ఫీజు దానికంటే ఎక్కువ పడింది. బిల్ ఆఫ్ ఎంట్రీ (డ్యూటీ లెక్క ఉండే దిగుమతి కాగితం) కాపీ అడిగి తీసుకోండి, ఏది ప్రభుత్వానికి వెళ్ళిందో ఏది వీళ్ళ జేబులోకి వెళ్ళిందో తెలుస్తుంది. అలాగే ఒకప్పటి రేట్లు దారుణం అన్నదీ ఒప్పుకుంటాను. 35 శాతం డ్యూటీ, దాని మీద సర్‌ఛార్జి, పైన 28 శాతం ఐజీఎస్టీ వేస్తే 77.28 శాతం తేలేది. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద టారిఫ్ రేటు 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తామని 2026 బడ్జెట్‌లో చెప్పారు. అంటే అబద్ధం ఆడించే అవసరం కూడా సగం తగ్గిందన్నమాట.

మిగిలింది 7వది, ఫోన్ వస్తే సగానికి సెటిల్ చేసుకోండి అన్నది. కస్టమ్స్ డ్యూటీ ఎవరి సొంత ఖాతాలోకీ, ఎవరి యూపీఐ నంబర్‌కీ కట్టేది కాదు. అలా కట్టమని ఫోన్ చేసేది దొంగ, బేరానికి సగం తగ్గించేది ఇంకా పెద్ద దొంగ. కస్టమ్స్ వాళ్ళు పంపే కాగితం మీద సాధారణంగా డీఐఎన్ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది, కస్టమ్స్‌ని నడిపే కేంద్ర బోర్డు సీబీఐసీ సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. విదేశీ స్నేహితురాలి గిఫ్టు ఎయిర్‌పోర్ట్‌లో ఆగిందని లక్షలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు ఇన్ని చూశాక కూడా "మాట్లాడి సెటిల్ చేసుకోండి" అని ఎలా పంపుతార్రా?

ఒరేయ్ శీనూ, ఈ మెసేజ్ నువ్వు మన గ్రూపులోనే కాక మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా పెట్టావని తెలిసింది. అక్కడ మన లెక్కల మాస్టారు ఉన్నారు, కొడుకు డల్లాస్ నుంచి నెలకో పార్సిల్ పంపుతాడు, ఫోన్లో ఎవరేం చెప్పినా ఆయన నమ్ముతారు. మిగతా 6 తర్వాత చూద్దాం, ఈ 7వది మాత్రం నమ్మొద్దని ఇవాళే వెళ్ళి చెప్పు. నేను ఫోన్ చేస్తే "పెన్నుల అబ్బాయివేనా" అని ముప్పావుగంట వదలరు.