శాంతి కావాలంటే కర్నూలు రండి

ఐక్యరాజ్యసమితి 1948 నుంచి శాంతి నిలబెట్టే పని చేస్తోంది. కొట్లాడుకున్న దేశానికి సైనికులను పంపడం, ఇరుపక్షాల చేత సంతకాలు పెట్టించడం, ఎన్నికలు జరిపించడం, విమానమెక్కడం, కొన్నేళ్లకు మళ్లీ దిగడం. చిన్న పనేం కాదు. కానీ తెలిసినవాళ్లను ఒకమాట అడగాలి గదా! కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో తరాల తరబడి రాజీలు చేయించిన పెద్దమనుషులుండగా, న్యూయార్క్‌లోని సమితి ఆఫీసు నుంచి ఒక్కరూ ఇటువైపు తొంగి చూడలేదు.

మా పద్ధతి ఇది. సారాయి వేలం దగ్గరో, సర్పంచి ఎన్నిక దగ్గరో పుట్టిన పగ రెండు తరాలు నడిచేసరికి నాయకులిద్దరికీ ఖర్చు భారమవుతుంది. అప్పుడు పెద్దమనిషి దిగుతాడు. గెస్టుహౌసులో కూర్చుంటారు. కాంట్రాక్టులు సగం సగం. పదవి చెరి రెండున్నరేళ్లు. కేసుల్లో సాక్షులు అడ్డం తిరుగుతారు. ఉగ్గాని, బజ్జీ తిని ఫోటోకు చేతులు కలుపుతారు. వాళ్ల కోసం చేతులు తెగినవాళ్లు ఆ పొద్దంతా బయట డ్రైవర్ల పక్కన నిలబడి ఉంటారు. లోపల ఏం తేలిందో వాళ్లు మర్నాడు పేపర్లో చదువుకోవాల్సిందే.

ఇక సమితి వారూ, వారి తోటి పెద్దలూ చేయించిన రాజీలు చూడండి. 1993లో కాంబోడియాలో దగ్గరుండి ఓట్లు వేయించారు. ఓడిన ప్రధాని హున్ సేన్ కుర్చీ దిగనన్నాడు. దాంతో ఎక్కువ సీట్లు గెలిచిన రణరిద్ధ్ మొదటి ప్రధాని, ఓడినాయన రెండో ప్రధాని అయ్యారు. 1997లో రెండో ప్రధాని మొదటి ప్రధానిని తరిమేశాడు. ఈ సంగతి చెబితే మా పెద్దమనిషి తల పంకించి, "ఇద్దర్నీ ఒకేపారి కూసోబెట్న్యారు సూడప్పా, ఆడనే చెడింది. చెరి రెండున్నరేండ్లు అనింటే సరిపాయె" అన్నాడు.

బోస్నియాలో ఆ లోపం సవరించారు. అక్కడి యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందం ప్రకారం, కొట్లాడుకున్న మూడు వర్గాలకూ కలిపి అధ్యక్ష మండలిలో ముగ్గురు, ఎనిమిది నెలలకొకరు పీఠమెక్కాలి. ఆ పైన ఒక విదేశీ ఉన్నత ప్రతినిధి. ఎన్నికైనవాళ్లను కూడా ఇంటికి పంపే అధికారం ఆయనకుంది. పంచాయతీల్లో ప్రత్యేకాధికారుల పాలన మనకు కొత్త కాదు గానీ, ఇంతేసి ఏళ్లు నడిచిన ప్రత్యేకాధికారి పాలన మా జిల్లాల్లోనూ లేదు.

దక్షిణ సూడాన్ 2018 ఒప్పందం ఇంకా ఉదారమైనది. ఒక అధ్యక్షుడు, ఐదుగురు ఉపాధ్యక్షులు. ఇది విని నోరెళ్లబెట్టడానికి మనమేం పరాయివాళ్లం కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌కు ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు వచ్చారు, అదీ ఒక్క తూటా పేలకుండా. దక్షిణ సూడాన్‌లో ఎన్నికలు మాత్రం వాయిదా మీద వాయిదా పడుతూ 2026 డిసెంబరు దాకా వచ్చాయి. అక్కడి ఐదుగురు ఉపాధ్యక్షుల్లో మొదటివాడైన రియెక్ మచార్‌ను 2025 మార్చిలో గృహనిర్బంధంలో పెట్టారు.

ఆయుధాల సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. లైబీరియాలో తుపాకీ దించితే 300 డాలర్లన్నారు. పోరాటయోధులమంటూ లక్షమందికి పైగా పేర్లు రాయించుకున్నారు. చేరిన తుపాకులు మాత్రం 28,000 చిల్లర. మిగిలినవాళ్లు ఏంతో పోరాడారని ఎవరూ అడగలేదు. మా ఊళ్లలో సోదా జరిగితే దొరికేవి కూడా తుప్పు పట్టిన, పిడి లేని కొడవళ్లే. పదునున్నవి ఎప్పుడూ పొరుగూరికి చుట్టపుచూపుగా వెళ్లి ఉంటాయి.

రువాండా గురించి ఇదే గొంతుతో రాయడం నాకు చేతకాదు. 1994 ఏప్రిల్‌లో అక్కడి టుట్సీ తెగవాళ్ల చంపుడు మొదలయ్యాక, ఉన్న దాదాపు 2,500 మంది శాంతిసైనికులను 270కి తగ్గించాలని భద్రతామండలి తీర్మానించింది. నూరు రోజుల్లో సుమారు 8 లక్షలమందిని చంపారు. మా దగ్గర గొడవ ముదిరితే పికెట్‌కు అదనంగా నలుగురు పోలీసులనైనా పంపుతారు, తీసేయరు.

హైతీలో ఇంకోరకం. 2010లో శాంతిసైనికుల శిబిరం మురుగు నదిలో కలిసి కలరా పాకింది. పదివేలమంది దాకా పోయారు. బాధితులు కోర్టుకెళితే సమితికి చట్టపరమైన రక్షణ ఉందన్నారు. క్షమాపణ 2016లో వచ్చింది. ఆరేళ్ల ఆలస్యమంటే మా కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకు పెద్ద లెక్కలోకి రాదనుకోండి.

ఆ తర్వాత దేశ పునర్నిర్మాణం. తుపాకీ పట్టినవాడికి మంత్రి పదవి, వాడి మనుషులకు సైన్యంలో ఉద్యోగం, ఇల్లు కాలినవాడికి శాంతి మీద రెండు రోజుల శిక్షణ, భోజనంతో సహా. మా దగ్గర శిక్షణ లేదు. భోజనమూ లేదు. రాజీ కుదిరిన నాడు మొగుడు పోయినామె గెస్టుహౌసు దగ్గరికొచ్చి "నా సంగతేంటి సామీ?" అని అడిగితే, "నీదీ మాట్లాడతాంలేమ్మా" అంటారు. ఈ ఒక్క విషయంలో సమితి వారే మాకన్నా ముందున్నారు. వాళ్లు అదే మాటను నివేదికగా అచ్చువేస్తారు.

కాబట్టి మా పెద్దమనుషులను సలహాదారులుగా తీసుకోవాలని మనవి. జీతం డాలర్లలో ఇచ్చినా పుచ్చుకుంటారు. మీ మనుషులనే ఇక్కడికి పంపదలచుకుంటే ఒక్క జాగ్రత్త: మీ శాంతిసైనికులు పెట్టుకునే నీలం హెల్మెట్లతో రావద్దు. ఇక్కడ నీలం, తెలుపు, ఆకుపచ్చ ఒక పార్టీవి, పసుపు ఇంకో పార్టీది, ఎరుపు మరొకరిది. మిగిలిన రంగేదో చూసి, దాన్ని ఇంకెవరూ పట్టుకోకముందే త్వరగా పంపండి.