మహారాజశ్రీ యూఎస్‌బీ మోడెమ్ గారి సముఖానికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అయితే తమరు కుశలంగా ఉన్నారన్న సంగతి తెలుసుకోవడానికే నాకు లినక్స్ కంప్యూటర్‌లో ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ ముందు ఒక రాత్రి పట్టింది కనుక, ఆ వివరాలు విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నెట్ కోసం తమరిని కంప్యూటర్ పోర్టులో పెట్టగానే దీపం వెలిగింది. నెట్ వచ్చేసిందని సంబరపడేలోపే తెర మీద సీడీ బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. బొటనవేలంత ఒంట్లో సీడీ ఎలా పట్టిందా అని తెరిచి చూస్తే, లోపల విండోస్ కోసం రాసిన సెటప్ ఫైలు కనిపించింది. ఈ వేషానికి జీరో సీడీ అని పేరు కూడా ఉందట. తమరిని నడిపే ప్రోగ్రాంను, అంటే డ్రైవరును, విడిగా ఇచ్చే శ్రమ లేకుండా తమ కడుపులోనే దాచిపెట్టి, ముందు సీడీలా కనిపించి, డ్రైవరు ఇన్‌స్టాల్ అయ్యాక మోడెమ్‌గా మారే ఏర్పాటు అది. విండోస్ వరకు తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ తమరికి కావలసిన డ్రైవరు 'ఆప్షన్' అనే పేరుతో లినక్స్‌కు గుండెకాయైన కెర్నల్‌లో ముందునుంచీ కాచుకుని కూర్చుంది. తమరు మోడెమ్ అని ఒప్పుకోవడమే తరువాయి.

గుర్తింపు సంఖ్య అడిగితే 1446 అన్నారు. అది సీడీ వేషానికి చెందిన సంఖ్య. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం తమ చెవిలో ఒక చిన్న సందేశం ఊదితేగాని ఆ వేషం తీయరట. ఆ ప్రోగ్రాం నా దగ్గర లేదు. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ లేదు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. చివరికి మరో కంప్యూటర్‌లో ప్యాకేజీని దించుకుని, పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చి, తమ పక్క పోర్టులోనే పెట్టాను. తాను పెన్‌డ్రైవ్‌నని అది మొదటి మాటలోనే చెప్పింది. తమరు గమనించారో లేదో.

సందేశం అందాక ఒక్క క్షణం మాయమై, 1001 అనే కొత్త సంఖ్యతో పునర్జన్మ ఎత్తారు. టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అని, తమతో మాట్లాడడానికి మూడు తలుపులు కూడా తెరిచారు. ఏది తట్టినా 'పర్మిషన్ డినైడ్' అని జవాబు. ఇది తమ తప్పు కాదు, ఆ మాట అన్నది లినక్స్; డయలౌట్ అనే గ్రూపులో పేరు లేనివారిని అది తమ గడప తొక్కనివ్వదు. పేరు చేర్పించుకుని, లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి వచ్చేసరికి, మోడెమ్ మేనేజర్ అనే మరో ప్రోగ్రాం తమతో ఏకాంతంగా మాట్లాడుతోంది కనుక పోర్టు ఖాళీ లేదన్నారు. దాన్ని ఆపి, సున్నా నంబరు తలుపు దగ్గర 'ఏటీ' అని టైపు చేశాను. 'ఓకే' అన్నారు. ఆ రాత్రి నేను విన్న మొదటి మంచి మాట అదే.

ఒక సందేహం. ఏటీ అంటే అటెన్షన్ కదా. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ సెకనుకు 300 బిట్ల చొప్పున టెలిఫోన్ తీగ మీద మాట్లాడిన కాలపు భాష కదా అది. తమకు తీగే లేదు, అవతల రిసీవరు ఎత్తేవారూ లేరు. అయినా *99# అనే నంబరుకు డయల్ చేస్తేగాని కదలరు. సిగ్నల్ ఎంత ఉందని అడిగితే 99 అన్నారు. నూటికి తొంభై తొమ్మిదని మురిసిపోయాను. ఆ కొలత 31తోనే ఆగిపోతుందనీ, 99 అంటే 'నాకు తెలియదు' అని అర్థమనీ తర్వాత తెలిసింది. తెలియదనడానికి అంత పెద్ద అంకె వాడే ధైర్యం నాకు ఏ పరీక్షలోనూ కలగలేదు.

ఇక డయల్ చేసిపెట్టే డబ్ల్యూవీడయల్ అనే ప్రోగ్రాం సెట్టింగుల ఫైలులో 'స్టుపిడ్ మోడ్ = 1' అని రాయమన్నారు. ఆ మాట తమ గురించో నా గురించో అడగకుండా, తలవంచుకుని రాశాను. అవతలివారు లాగిన్ అడుగుతారేమోనని చూడకుండా నేరుగా పీపీపీ అనే నెట్ సంభాషణ మొదలుపెట్టడమే దాని అర్థమట. వెంటనే ఐపీ అడ్రసు వచ్చింది. తెల్లవారింది కూడా.

నెట్ అందగానే తెర మీదకి వచ్చిన మొదటి కబురు: యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌కు కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది.

ఇట్లు,
నిన్ననే డయలౌట్ గ్రూపులో సభ్యత్వం పొందిన
తమ విధేయుడు