కూలీలు ఎందుకు వెళ్లారో కూడా రాయాల్సింది

కరోనా సమయంలో కూలీలు ఊళ్లకు వెళ్లిపోవడం వల్లే హైదరాబాద్‌లో నిర్మాణాలు ఆగాయని మీ వ్యాసంలో రాశారు. తేదీలు చూడండి సార్. లాక్‌డౌన్ మొదలైంది 2020 మార్చి 25న. కూలీల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది మే 1న. మధ్యలో ఐదు వారాలు పని లేదు, చాలా చోట్ల డబ్బూ లేదు. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కార్మికులు జీతాలివ్వండి, ఇళ్లకు పంపండి అంటూ గొడవకు దిగింది ఆ రోజుల్లోనే. ముందు పని ఆగింది, తర్వాతే మనుషులు వెళ్లారు.

నేనప్పుడు మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే అచ్చు) చేసి, స్టీలు కట్టేసిన స్లాబు కాంక్రీటు పడకుండా అలాగే ఉండిపోయింది. వానలకు స్టీలు తుప్పు పట్టింది. సెంట్రింగ్ సామాను అద్దె మాత్రం రోజూ పెరుగుతూనే ఉంది. మళ్లీ పని మొదలయ్యాక మేస్త్రీలు దొరికినా రాడ్ బెండింగ్, అంటే స్టీలు కడ్డీలు వంచి కట్టే పని చేసేవాళ్లు దొరకలేదు, ఆ పనంతా బయటి రాష్ట్రాల వాళ్లదే మరి.

బిల్డర్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ప్రాజెక్టు పూర్తి చేయాల్సిన గడువు 6 నెలలు పెంచుకునే వీలు దొరికింది, అదీ విడిగా దరఖాస్తు అక్కర్లేకుండా. కూలీలకేమో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టం కింద కట్టించేవాళ్ల నుంచి వసూలు చేసిన సెస్సు నిధి నుంచి డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కానీ అది కార్మిక సంక్షేమ బోర్డులో పేరు, కార్డు ఉన్న వాళ్లకే. కూలీల అడ్డా మీద నిలబడి రోజుకో సైట్‌కి వెళ్లేవాడికి ఆ కార్డు ఎవరు చేయించారు? మా సైట్‌లో బయటి రాష్ట్రాల వాళ్లలో ఒక్కరికీ లేదు.