బర్రెలు చూస్తే ఏం కాదు

నేను గొప్ప గోల్ఫ్ ఆటగాడినన్న సంగతి హన్మకొండలో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. కారణం ఒక్కటే. నేను బాగా ఆడేటప్పుడు అక్కడ మనిషన్నవాడు ఉండడు. ఉన్నాడంటే నేను బాగా ఆడను. ఎన్నో ప్రతిభలు పేదరికం వల్లనో, రాజకీయాల వల్లనో మరుగున పడిపోయాయని పేపర్లో చదువుతుంటాం. నాది మాత్రం పక్కన ఎవరో నిలబడటం వల్ల మరుగున పడింది.

క్లబ్బులో సభ్యత్వం కట్టేంత పింఛను నాకు రాదు. బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయితే ఊరవతల ఒక చెరువుంది. వానాకాలంలో అది చెరువు, ఏప్రిల్, మే నెలల్లో నా గోల్ఫ్ కోర్సు. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఇల్లు మారుతూ, పారేయడానికి మనసొప్పక, మూడు కర్రలు తెచ్చి నా చేతిలో పెట్టాడు: దూరం కొట్టడానికి ఒక ఏడో నంబర్ ఐరన్, బంతిని ఎత్తి వేయడానికి ఒక వెడ్జ్, గుంతలోకి తట్టడానికి ఒక పట్టర్. రూల్స్ ప్రకారం 14 దాకా పెట్టుకోవచ్చు. మిగతా పదకొండూ లేకుండానే నెట్టుకొస్తున్నాను. గుంత కోసం నాలుగంగుళాల డ్రైనేజీ పైపు ముక్క పాతాను. అసలు ఉండాల్సింది నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. ఆ పావంగుళం నష్టం నాదే. దాని గురించి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. చిర్రగోనె, గోటీలాట కలిపితే గోల్ఫ్. కర్రతో కొట్టడం అందులోంచి, గుంతలో వేయడం ఇందులోంచి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. తేడా ఎక్కడంటే, చిర్రగోనెలో లెక్క తప్పు చెబితే అవతలివాడు చొక్కా పట్టుకుంటాడు. గోల్ఫ్‌లో చాలావరకు ఎవరి లెక్క వాళ్లదే. పెద్దమనుషుల ఆట.

పొద్దున ఆరింటికి తుమ్మచెట్టు కింద బంతి పెడతాను. పైపు అక్కడికి నూట ఇరవై అడుగులు, నా అడుగులు. దూరంగా నాలుగైదు బర్రెలు మేస్తుంటాయి. కర్ర ఎత్తి దించుతాను, అంతే. ఆ చప్పుడు వేరుగా ఉంటుంది, తాటిముంజె మీద గోటితో కొట్టినట్టు. బంతి లేచి, ఎండలో ఒక క్షణం కనబడకుండా పోయి, పగిలిన ఒండ్రుమట్టి మీద రెండు గంతులేసి పైపు దగ్గర ఆగుతుంది. ఒక బర్రె తలెత్తి చూస్తుంది. మళ్లీ మేతలో పడుతుంది. పట్టర్‌తో రెండు తట్లు. మొత్తం మూడు.

మొన్న పెళ్లికి కరీంనగర్ నుంచి మా బామ్మర్ది వచ్చాడు. చూస్తానన్నాడు. వెనక్కి చేతులు కట్టుకుని నిలబడి, "నువ్వు కొట్టు బావా, నేను లేననుకో" అన్నాడు. ఆ మాటతో పని అయిపోయింది. లేననుకోవాలంటే ముందు ఉన్నాడనుకోవాలి కదా. అంతవరకూ నాకు రెండు మోచేతులున్నాయన్న ధ్యాసే లేదు. ఉన్నట్టుండి రెండూ గుర్తొచ్చాయి. ఏది మడవాలి, ఏది చాచాలి, ఊపిరి తీసుకోవాలా వదలాలా? కొట్టాను. సర్వపిండంత మట్టిపెళ్ల లేచి నాలుగు గజాల అవతల పడింది. బంతి పెట్టినచోటే ఉంది. బామ్మర్ది చాలా మర్యాదగా అడిగాడు: "ఇది ట్రయలా బావా?"

ఆ రాత్రి నిద్ర పట్టక, దీని గురించి సైన్స్ ఏమంటుందో చూశాను. నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికా ఆయన 1898లోనే, సైకిల్ తొక్కేవాళ్లు ఒంటరిగా కంటే తోటివాళ్లతో పోటీలో వేగంగా తొక్కుతారని రాశాడు. మొదటి అడుగే నాకు వ్యతిరేకంగా పడింది. నిరాశ పడలేదు. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వవేత్త దీన్ని చక్కదిద్దాడు: వచ్చిన పనిని, సులువైన పనిని పదిమంది ముందు ఇంకా బాగా చేస్తాం, కష్టమైనదాన్ని చెడగొట్టుకుంటాం. 1969లో ఆయన బృందం ఇదే సంగతిని బొద్దింకల మీద పరీక్షించింది. లైటు వేయగానే చీకట్లోకి పారిపోవడం వాటి పని. చుట్టూ ప్లాస్టిక్ డబ్బాల్లో ప్రేక్షక బొద్దింకలను కూర్చోబెట్టారు. తిన్నని దారిలో అవి మామూలుకన్నా వేగంగా పరుగెత్తాయి. మలుపున్న దారిలో మాత్రం ఆలస్యమైంది. బొద్దింకకు కూడా బామ్మర్ది ఉంటాడన్నమాట.

నా పనికి బాగా వచ్చింది 1968 నాటి ఇంకో ప్రయోగం. నికొలస్ కాట్రెల్, ఆయన తోటివాళ్లు కొందరిని పక్కన కూర్చోబెట్టి వాళ్ల కళ్లకు గంతలు కట్టారు. ఆ గంతలవాళ్లు ఉన్నా లేనట్టే అయింది, పని చేసేవాడి మీద ప్రభావమేమీ కనబడలేదు. చూసి తీర్పు చెప్పగలిగేవాడు పక్కన ఉండటమే చిక్కట. బర్రెలు నన్నెందుకు ఇబ్బంది పెట్టవో అప్పుడు అర్థమైంది. మర్నాడు బామ్మర్ది కళ్లకు నా కండువా కట్టాను. ప్రయోగం విఫలమైంది. లోపం సిద్ధాంతంలో లేదు, "కొట్టినవా? అయిందా? ఎటు పోయింది?" అని నిమిషానికోసారి అడిగే బామ్మర్దిలో ఉంది. వాళ్లకు దొరికినవాళ్లు నోరు మెదపని రకమై ఉంటారు.

సంతకం సంగతి తీసుకోండి. నలభై ఏళ్లుగా ఒకే సంతకం పెడుతున్నాను. కిరాణా చీటీ వెనక, బస్సులో మోకాలి మీద, ఎక్కడైనా అచ్చు గుద్దినట్టు వస్తుంది. ఒక బ్యాంకులో కౌంటరు అవతలి అమ్మాయి పాత కార్డు ముందు పెట్టుకుని "ఇక్కడ పెట్టండి సార్, ఇందులో ఉన్నట్టే" అంది. ఉన్నట్టే! నా పేరులో మొదటి అక్షరం పైనుంచి మొదలవుతుందా కిందినుంచా అన్న అనుమానం పుట్టింది. మూడుసార్లు పెట్టాను. మూడూ నావి కావని ఆమె అంది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. గోల్ఫ్‌లోనూ ఇంతే. ఆట బాగా వచ్చినవాళ్లను చేతి కదలిక మీదే ధ్యాస పెట్టి కొట్టమంటే గురి తప్పారని, చెవిలో పడే శబ్దాలు గమనిస్తూ కొట్టమంటే బాగా కొట్టారని సియాన్ బైలాక్ అనే మనస్తత్వవేత్త బృందం 2002లో చూపించింది. చేతికి వచ్చిన విద్యను బుర్ర తిరిగి తనిఖీ చేస్తే వచ్చే నష్టం ఇది. "ఆట బాగా వచ్చినవాళ్లు" అన్న మాటను పాఠకులు గమనించాలి. నేను ఆ కోవలోకి వస్తానని సైన్సే చెబుతోంది.

పెద్ద ఆటగాళ్లకూ ఇదే గతి పట్టింది. 1999లో స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ మూడు దెబ్బల ఆధిక్యంతో ఆఖరి గుంతకు వచ్చాడు. ఆ గుంతను ఆరు దెబ్బల్లో ముగించినా కప్పు ఆయనదే. రెండో దెబ్బకు బంతి వెళ్లి గ్రాండ్‌స్టాండ్ కమ్మీకి తగిలి వెనక్కొచ్చి గడ్డిలో పడింది. అక్కణ్నుంచి కొడితే వాగులో పడింది. ఆయన బూట్లు, సాక్సులు విప్పి, నాట్లు వేయడానికి దిగినట్టు ప్యాంటు ఎగమడిచి నీళ్లలో దిగాడు. చివరికి ఏడు. స్కోరు సమమైంది. సమమైనవాళ్ల మధ్య మళ్లీ ఆడించే ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. అందరూ దీన్ని టెన్షన్ అన్నారు. నేనడిగేది సూటి ప్రశ్న: ప్రేక్షకులు లేకపోతే గ్రాండ్‌స్టాండ్ ఎందుకు కడతారు? గ్రాండ్‌స్టాండ్ లేకపోతే బంతి దేనికి తగులుతుంది? అంతకుముందు 1970లో ఇదే పోటీ సెయింట్ ఆండ్రూస్‌లో జరిగినప్పుడు డగ్ శాండర్స్ ఆఖరి గుంతలో మూడడుగులైనా లేని పట్ (గుంతలోకి తట్టే దెబ్బ) తప్పి, మర్నాటి ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ చేతిలో ఓడాడు. మూడడుగులంటే మా వంటింటి గట్టు ఎత్తు. ఒక్కడే ఉండుంటే కళ్లు మూసుకుని వేసేవాడు.

ఇంత రుజువు ఉన్నా ఆట పెద్దలు ఏం చేశారు? 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ విధానంలో (ఆటగాడి స్థాయిని అంకెల్లో లెక్కగట్టే పద్ధతి), ఒంటరిగా ఆడిన స్కోరు చెల్లదన్నారు. కనీసం ఒక్కరైనా తోడుండాలి. అమెరికాలోనైతే 2016 నుంచే ఈ రూలు. అంటే మనిషి అసలు సత్తా బయటపడే ఆటను లెక్కలోకి తీసుకోరు, మోచేతులు గుర్తొచ్చిన ఆటను తీసుకుంటారు. దీని వెనక అనుమానం ఉంది, ఒంటరివాడు లెక్క తప్పు చెబుతాడని. ఈ అనుమానానికి ఆజ్యం పోసింది బాబీ జోన్స్ అనే అమెరికా ఆటగాడు. 1925 యూఎస్ ఓపెన్‌లో బంతి కాస్త కదిలిందని, ఎవరూ చూడకపోయినా, తన లెక్కలో తానే ఒక దెబ్బ జరిమానాగా కలుపుకున్నాడు. ఆ టోర్నీ స్కోరు సమమై ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఇలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు, మిగతావాళ్ల బతుకు కష్టం.

సరే, రూలు రూలే. చెరువులో బర్రెలు కాసే పిల్లాడొకడున్నాడు, పదేళ్లుంటాయేమో. రెండు సమోసాలకు తోడుండటానికి ఒప్పుకున్నాడు. బర్రెల మధ్యే కూర్చోమన్నాను, నా కంటికి వాటిలో ఒకటిగా కనబడేలా. ఉపాయం పారింది. ఆడాను. "మూడు" అన్నాను.

"ఏడు సార్" అన్నాడు.

"ఎట్లా?"

"తుమ్మచెట్టు కాడ రెండుసార్లు కొట్టిండ్రు కద."

"మొదటిది వార్మప్."

"నడుమల బురదల పడ్డ బంతి ఇడిసి ఇంకోటి ఏసిండ్రు."

"అది పాత బంతి."

"కాలుతోని ఇట్ల జరిపిండ్రు. గుంతకాడ మూడుసార్లు తట్టిండ్రు." వేళ్లు మడిచి చూపించాడు. కూడికలో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు ఎందరికో నేర్పిన కూడికే అది.

నేను కాస్త కోపంగా, "నువ్వు చూస్తున్నావు కాబట్టి ఇవాళ ఇట్లా అయింది" అన్నాను.

"నిన్న గూడ ఏడే సార్. మొన్న తొమ్మిది. రోజూ బర్రెల ఎనకనుంచి చూస్తున్న కద."

అప్పటినుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. బడులు జూన్‌లో తెరుస్తారు, వాడు వెళ్లిపోతాడు. రుతుపవనాలు ఈసారి కాస్త ఆలస్యమైతే, చెరువులోకి నీళ్లు వచ్చేలోపు నాకో పది రోజులు దొరుకుతాయి.